పోయినవాళ్ల దారిలోనే మళ్లీ ఎందుకు ఎక్కుతారు?

హోస్ట్: అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాం. ప్రాణం పోవచ్చని తెలిసీ, తోటివాళ్లు పోవడం కళ్లారా చూసీ కొందరు మళ్లీ మళ్లీ కొండలెందుకు ఎక్కుతారు? ఈ వారం మాట అదే. డార్జిలింగ్‌లో పర్వతారోహణ ట్రైనింగ్ తీసుకుని, ఇప్పుడు మన పిల్లల్ని మహేంద్రగిరికి తీసుకెళ్తున్న అక్క మనతో ఉన్నారు. అక్కా, మన వైపు ఎవర్ని అడిగినా వాళ్లకి థ్రిల్ పిచ్చి అంటారు.

అతిథి: థ్రిల్ కావాలంటే అంత దూరం పోనక్కర్లేదు తమ్ముడూ. పెద్ద కొండ మీద ఎక్కువసేపు ఉండేది విసుగే. మంచు కరిగించి నీళ్లు చేసుకోవాలి, గాలి తగ్గేదాకా టెంట్‌లో పడి ఉండాలి, నాలుగడుగులు వేసి ఆయాసం తీర్చుకోవాలి. బ్రిటన్‌లోని బాంగర్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. విమానంలోంచి దూకే స్కైడైవర్లనీ పర్వతారోహకులనీ పోల్చి చూశారు. థ్రిల్ ముఖ్యమన్నది స్కైడైవర్ల విషయంలో తేలింది. కొండెక్కేవాళ్లు వెతుక్కునేది వేరే. మామూలు బతుకులో ఏదీ తమ చేతుల్లో లేదనిపించే మనిషికి అక్కడ పట్టు దొరుకుతుంది.

హోస్ట్: చేతుల్లో ఉండటమంటే?

అతిథి: నిజంగా చేతుల్లోనే. ఏటవాలు మంచు మీద తాడు కట్టి ఉంటుంది. మన నడుం పట్టీకి రెండు కొక్కేలు, కారబినర్లంటాం. తాడు ముడి దగ్గరికి రాగానే ఒక కొక్కెం అవతలి తాడుకి తగిలించాలి, ఆ తర్వాతే రెండోది విప్పాలి. మందపాటి తొడుగుతో కొక్కెం తెరుచుకోదు. తొడుగు తీస్తే వేళ్లు మొద్దుబారతాయి. "టక్" మని పడిందో లేదో లాగి చూసుకుంటాం. ఆ కాసేపు అప్పులు, ఇంట్లో గొడవలు, నలుగురూ ఏమనుకుంటారో, ఇవేవీ బుర్రలోకి రావు. కింద ఏం చేసినా ఫలితం ఎప్పుడొస్తుందో తెలీదు. అక్కడ వెంటనే తెలుస్తుంది. ఆ రుచి మరిగినవాళ్లు మళ్లీ వెళ్తారు.

హోస్ట్: మరి పోయినవాళ్లని చూశాక భయం వెయ్యదా?

అతిథి: వేస్తుంది, ఎందుకు వెయ్యదు? కానీ చావు కొందర్ని ఆపుతుంది, కొందర్ని లాగుతుంది. మనకి దగ్గరిదే చెబుతాను. విజయనగరం పక్కన కోరుకొండ సైనిక్ స్కూల్ ఉంది కదా. అక్కడ చదువుకున్న లెఫ్టినెంట్ ఉదయ భాస్కరరావు 1985లో ఆర్మీ దళంతో ఎవరెస్ట్‌కి వెళ్లి అక్కడే ప్రాణాలు వదిలారు. బడిలో ఆయన విగ్రహం పెట్టారు. అది చూస్తూ పెరిగిన నెల్లూరు జిల్లా కుర్రాడు మల్లి మస్తాన్ బాబు. విగ్రహాన్ని చూసి వద్దులే అనుకోలేదు, నేనూ వెళ్తాను అనుకున్నాడు. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనీ 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లోకి ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు.

హోస్ట్: వింటుంటే గర్వంగానూ ఉంది, కడుపులో దేవేస్తున్నట్టూ ఉంది.

అతిథి: నాకూ అంతే. అలిసన్ హార్‌గ్రీవ్స్ అని బ్రిటిష్ ఆవిడ, 1995లో ఎవరెస్ట్ తర్వాత అంత ఎత్తైన కే2 శిఖరం మీద పోయింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. ఆ కొడుకు టామ్ బల్లార్డ్ పెద్దయ్యి తనూ పర్వతారోహకుడే అయ్యాడు, 2019లో పాకిస్తాన్ వైపున్న నంగా పర్బత్ కొండ మీద పోయాడు. ఆవిడ అంత పేరున్న క్లైంబర్ అయినా, పిల్లల్ని వదిలి ఎలా వెళ్లిందని లోకం ఆవిడనే తిట్టింది. అదే మాట ఏ తండ్రినీ అంత గట్టిగా అడగలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

హోస్ట్: మన ఒడిశాలో కల్పనా దాస్ గారు...

అతిథి: ఢెంకనాల్ లాయరమ్మ. 2008లో ఎవరెస్ట్ ఎక్కిన తొలి ఒడియా మనిషి. పేరొచ్చింది, అక్కడితో ఆగొచ్చు. 2019లో మళ్లీ వెళ్లింది, ఎక్కింది, దిగుతూ ప్రాణం వదిలింది. ఎనిమిది వేల మీటర్లు దాటాక ఒంట్లో సత్తువతో పాటు బుర్ర కూడా మొరాయిస్తుంది తమ్ముడూ. శిఖరం మీద అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో మూడో వంతే. ఎక్కడానికే ఉన్నదంతా ఖర్చు పెట్టేస్తే దిగడానికి ఏమీ మిగలదు.

హోస్ట్: ఎవరెస్ట్ మీద దారి చూపించే నేపాలీ షెర్పాలూ ఇందుకే ఎక్కుతారంటారా?

అతిథి: వాళ్లని ఇందులో కలపకు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలో ఖుంబూ ఐస్‌ఫాల్ అనే మంచుగడ్డల వాలు మీద మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు పోయారు. ఇతరులు ఎక్కడానికి దారి సిద్ధం చేస్తూ, సామాను మోస్తూ పోయారు. వాళ్లది కూలి, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు. మన తృప్తి కోసం వాళ్లని ప్రమాదంలోకి పంపుతున్నామన్నది ఎవరెస్ట్‌కి వెళ్లే ప్రతివాళ్లూ ఆలోచించాలి.

హోస్ట్: అయితే ఎక్కొద్దంటారా?

అతిథి: వెనక్కి తిరగడం వచ్చినవాళ్లు ఎక్కాలంటాను. ఎవరెస్ట్ మీద మధ్యాహ్నం రెండయితే ఎక్కడున్నా దిగిపోవాలని చాలా దళాలు గడువు పెట్టుకుంటాయి. 1996 మే 10న చాలామంది ఆ గడువు దాటాక కూడా పైకే నడిచారు. తుపాను వచ్చింది. ఆ రోజూ మర్నాడూ కలిపి 8 మంది పోయారు. శిఖరం కళ్ల ముందు ఉండగా దిగిపోవడం చాలా కష్టం. అలా దిగొచ్చినవాళ్లకి మనం దండలు వెయ్యం. వెయ్యాలి.

హోస్ట్: చివరిగా ఒక ఇంటి విషయం. మా మేనత్త కొడుకు బేసిక్ కోర్సుకి వెళ్తానంటున్నాడు. అత్త ఒకటే టెన్షన్. ఏం చెప్పమంటారు?

అతిథి: ముందు నాతో మహేంద్రగిరికి పంపించు. 1500 మీటర్ల కొండ, శివరాత్రికి ముసలమ్మలు కూడా ఎక్కేస్తారు, భయం లేదు. పైన కుంతి గుడి కనబడుతుండగా "ఇక చాలు, దిగుదాం" అంటాను. మారుమాట్లాడకుండా దిగితే డార్జిలింగ్ ఫారం నేనే దగ్గరుండి నింపిస్తాను. వాదనకి దిగితే ఇంకో ఏడాది ఆగమంటాను. అత్తకి ఇదే చెప్పు.