వెనకాల వచ్చేవాడి కూలి

అందరికీ నమస్కారం.

విశాఖ దగ్గర పద్మనాభం మండలంలో ఒక ఊళ్ళో మా ఆసుపత్రి తరఫున కంటి శిబిరం పెట్టాం. అరవై దాటిన ఒకావిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. "ఆపరేషన్‌కి పైసా ఇవ్వక్కర్లేదమ్మా, బుధవారం వచ్చేయండి" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "డబ్బులొద్దన్నారు, బాగానే ఉంది బాబూ. మరి నా వెనకాల వచ్చేవోడి కూలి ఎవులిస్తారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అవి వరి కోతల రోజులు. బుధవారం ఆవిడ రాలేదు.

ఏడాదిన్నర తర్వాత వచ్చింది. అప్పటికి ఎడమ కంట్లో శుక్లం ముదిరిపోయి, ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతింది. అలా పోయిన చూపు ఆపరేషన్ చేసినా తిరిగి రాదు. కుడి కన్ను ఒక్కటే దక్కింది. ఎడమ కన్ను పోవడంలో మా తప్పూ ఉందని ఇవాళ్టికీ అనుకుంటాను. ఉచితం అని బోర్డు రాసి, మా పని అయిపోయిందనుకున్నాం.

విశాఖలో వైద్యానికి కొదవ లేదు. 1923లో మొదలైన పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి ఇప్పటికీ శ్రీకాకుళం నుంచీ, ఒడిశా నుంచీ రోగులు వస్తారు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీతో పేదవాళ్ళకి పెద్ద ఆపరేషన్లు కూడా అందాయి. అయినా అనంతగిరి కొండల మీది ఊళ్ళ నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే రోజులు పూర్తిగా పోలేదు. రోడ్డెక్కితే 108 ఉంది. ఆ రోడ్డు దాకా వచ్చేదెలా అన్నదే వాళ్ళ బాధ.

మదురైలో డాక్టర్ వెంకటస్వామి గారు 1976లో అరవింద్ కంటి ఆసుపత్రిని 11 పడకలతో మొదలుపెట్టారు. అప్పటికే ఆయన ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయినా, ఆ చేతులతోనే ఆపరేషన్లు చేశారు. డబ్బున్నవాళ్ళు ఇచ్చిన ఫీజుతో లేనివాళ్ళకి ఉచితంగా చేయడం వాళ్ళ పద్ధతి. దాని గురించి మీలో చాలామంది వినే ఉంటారు. నన్ను కదిలించింది ఇంకొకటి. శిబిరంలో ఆపరేషన్ కావాలని తేలినవాళ్ళని వాళ్ళే బస్సెక్కించి తీసుకెళ్తారు, భోజనం పెడతారు, మళ్ళీ తీసుకొచ్చి దింపుతారు.

మేమూ ఆ దారే పట్టాం. వ్యాను పెట్టాం. తోడు వచ్చినవాళ్ళకీ రెండు పూటలా అన్నం పెడుతున్నాం. ఊడ్పులూ కోతలూ ఎప్పుడో ఊళ్ళో అడిగి తెలుసుకున్నాకే ఆపరేషన్ తేదీలు వేస్తున్నాం. చుక్కల మందు వేళకి వేస్తున్నారో లేదో ఆశ కార్యకర్త ఇంటికెళ్ళి చూసి మాకు ఫోన్ చేస్తుంది. ఆమె ఆ ఊరి కోడలు కాబట్టి మా మాట కన్నా ఆమె మాటకే విలువెక్కువ.

ఓపీ చీటీకి 20 రూపాయలు తీసుకుంటాం. ఎందుకని కొందరు అడిగారు. చేతిలో ఉన్నది ఇచ్చినప్పుడు మనిషి తలెత్తుకుని కూర్చుంటాడు, మందు పడకపోతే నిలదీసి అడుగుతాడు. లేనివాళ్ళని మాత్రం "ఎందుకు లేవు" అని కౌంటర్లో ఎవరూ అడగకూడదు. ఈ ఒక్క విషయంలో మా సిబ్బందితో నేను కటువుగానే ఉంటాను.

ఇక దాతలైన మీతో మనసు విప్పి చెప్పాల్సిన మాట. గది కట్టిస్తామనేవాళ్ళు వస్తారు, మిషను కొనిస్తామనేవాళ్ళు వస్తారు. వాళ్ళందరికీ చేతులెత్తి మొక్కుతాను. కానీ ఒకరిచ్చిన మంచి మిషను టెక్నీషియన్‌కి జీతం లేక మా దగ్గర ఎనిమిది నెలలు గుడ్డ కప్పుకుని ఉంది. నర్సు జీతం, వ్యాను డీజిలు, కరెంటు బిల్లు, తోడు వచ్చినవాడి భోజనం, వీటి మీద ఎవరి పేరూ చెక్కించలేం. ఆసుపత్రి నడిచేది మాత్రం వీటితోనే. ప్రతి నెలా మొదటి వారం వచ్చేసరికి నాకు జీతాల టెన్షన్ తప్ప వేరే ఆలోచన ఉండదు. ఒకసారి ఇచ్చే లక్ష కన్నా నెలనెలా తప్పకుండా వచ్చే రెండు వేలు మాకు ఎక్కువ ధైర్యం.

వచ్చే శనివారం పొద్దున్నే 6 గంటలకు వ్యాను శిబిరానికి బయల్దేరుతుంది. డ్రైవరు పక్కన ఒకరికి, వెనక ఇద్దరికి చోటుంది. మీలో ఎవరైనా వస్తానంటే ఇప్పుడే చెప్పండి, మీకూ కలిపి టిఫిన్ కట్టిస్తాం.