ప్యాంక్రియాస్ చివర చిన్న ఉండ: ట్యూమరా, అదనపు ప్లీహమా?

నమస్కారం. ఇవాళ ఒక్క సీటీ స్కాన్ ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. స్క్రీన్ మీద బాణం గుర్తు ఉన్నచోట చూడండి. ఇది ప్యాంక్రియాస్ తోక భాగం. దాని చివర్లో గుండ్రంగా, నున్నటి అంచులతో, ఒకటిన్నర సెంటీమీటర్ల ఉండ ఒకటి ఉంది. కాంట్రాస్ట్, అంటే స్కాన్‌లో రక్తనాళాలు తెల్లగా కనిపించేలా చేసే మందు, ఎక్కించాక చుట్టూ ఉన్న ప్యాంక్రియాస్ కంటే తెల్లగా మెరుస్తోంది.

చూడగానే చాలామంది అనే మాట న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, అంటే హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డ. అందులో వింతేమీ లేదు, ఆ ట్యూమర్లకు కూడా రక్తసరఫరా ఎక్కువే, అవీ ఇలాగే మెరుస్తాయి. అలా అనుకునే ఆపరేషన్ చేసి ప్యాంక్రియాస్ తోకను తీసేస్తే, తీరా పాథాలజీ రిపోర్టులో అది మామూలు ప్లీహ కణజాలమని తేలిన కేసులు వైద్య పత్రికల్లో బోలెడు కనిపిస్తాయి.

ప్లీహం అక్కడికెలా వచ్చింది? పిండానికి ఐదో వారం ప్రాంతంలో ప్లీహం విడివిడి ముద్దలుగా మొదలవుతుంది. అవన్నీ కలిస్తే ఒక అవయవం. ఏదైనా కలవకుండా మిగిలిపోతే అదే అదనపు ప్లీహం. ఇది జబ్బు కాదు. శవపరీక్షల లెక్కల ప్రకారం నూటికి 10 నుంచి 30 మందిలో ఉంటుంది. ఎక్కువగా ప్లీహంలోకి రక్తనాళాలు వెళ్లే హైలం దగ్గరే ఉంటుంది కాబట్టి గొడవ లేదు. ఆ తర్వాత ఎక్కువగా కనిపించేది ప్యాంక్రియాస్ తోకలో. పేచీ అంతా అక్కడే.

ఇప్పుడు అసలు పని. ఉండ ఒక్కదాన్నే చూస్తూ కూర్చోకండి. పక్కనే ఉన్న ప్లీహాన్ని చూడండి, మళ్లీ ఉండను చూడండి. కాంట్రాస్ట్ ధమనుల్లో ఉండగా తీసే ఆర్టీరియల్ ఫేజ్‌లో ప్లీహం ఒకే రంగులో ఉండదు, జీబ్రా చారల్లా కనిపిస్తుంది. లోపల రక్తం ఒకచోట వేగంగా, ఒకచోట నెమ్మదిగా పారడమే కారణం. కాంట్రాస్ట్ ఎక్కించిన సుమారు 70 సెకన్ల దగ్గర, అది సిరల్లోకి చేరాక తీసే పోర్టల్ ఫేజ్‌లో, అంతా సమంగా నిండుతుంది. మన ఉండ కూడా ప్రతి ఫేజ్‌లో ప్లీహం ఎలా మారితే అలాగే మారిందా? అయితే అది ప్లీహమయ్యే అవకాశమే ఎక్కువ. ఏ ఒక్క ఫేజ్‌లో తేడా వచ్చినా ట్యూమర్ అనుమానాన్ని వదలకండి. ఉండ మరీ చిన్నదైతే చారలు కనిపించకపోవచ్చు. అప్పుడు ఎంఆర్ఐ తీసి, ముఖ్యంగా కణజాలంలో నీటి కదలికను చూపే డిఫ్యూజన్ చిత్రాల్లో, ఇదే పోలిక మళ్లీ చూడాలి.

అప్పటికీ తేలకపోతే నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. పేషెంట్ రక్తం కొంచెం తీసి, ఎర్రకణాలకు టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం అంటించి, సుమారు 49 డిగ్రీల వేడినీటిలో కాసేపు ఉంచుతారు. కణాలు కాస్త దెబ్బతింటాయి. వాటిని తిరిగి ఎక్కిస్తే, దెబ్బతిన్న ఎర్రకణాలను ఏరి పట్టుకోవడం ప్లీహం పనే కాబట్టి, ప్లీహం ఎక్కడుంటే అక్కడ వెలుగుతుంది. ఉండ కూడా వెలిగితే అది ప్లీహమే. ఆ వెలుగును త్రీడీలో సీటీ బొమ్మ మీద చూపే స్పెక్ట్-సీటీతో తీయించండి, లేకపోతే చిన్నవి పక్కనున్న పెద్ద ప్లీహం వెలుగులో కలిసిపోతాయి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ల కోసం చేసే డోటాటేట్ పెట్ స్కాన్‌లో కూడా ఉండ వెలగవచ్చు. అంత ఖరీదైన పరీక్ష, ఇంక ట్యూమర్ ఖాయం అని టెన్షన్ పడిపోతారు. కానీ మామూలు ప్లీహం కూడా ఆ స్కాన్‌లో బాగా వెలుగుతుంది! అందుకే ప్యాంక్రియాస్ తోకలో ఉన్న ఉండ విషయంలో అది ఒక్కటే చూసి తేల్చకూడదు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో సూది పెట్టి ముక్క తీస్తే, సీడీ8 అనే ప్రోటీన్‌ను గుర్తించే స్టెయిన్‌లో, అది ప్లీహమైతే, ప్లీహంలోని రక్తనాళాల గోడ కణాలు బయటపడతాయి.

ప్లీహం ఎప్పుడో తీసేసినవాళ్లలో కథ వేరు. పోల్చుకోవడానికి ప్లీహమే ఉండదు. పైగా మిగిలిపోయిన అదనపు ప్లీహం ఆ తర్వాత పెరుగుతుంది కూడా. దెబ్బ తగిలి ప్లీహం చితికినవాళ్లలో దాని ముక్కలు పొట్టలో ఎక్కడైనా అతుక్కుని పెరగవచ్చు, లివర్ మీద కూడా. వీళ్లకు ముందు బ్లడ్ స్మియర్, అంటే గాజు పలక మీద పరిచిన రక్తపు చుక్క, మైక్రోస్కోపులో చూడండి. ప్లీహం లేనివాళ్ల ఎర్రకణాల్లో హోవెల్-జాలీ బాడీలు అనే చిన్న చుక్కలు కనిపించాలి, ఎందుకంటే మామూలుగా వాటిని ఏరేసేది ప్లీహమే. కనిపించలేదంటే ఎక్కడో ప్లీహం పనిచేస్తోందని అనుమానించాలి. అందుకే స్కాన్ రిక్వెస్ట్ ఫారంలో పాత ఆపరేషన్, పాత యాక్సిడెంట్ తప్పకుండా రాయండి. రిపోర్టు ఇచ్చే రేడియాలజిస్టుకు ఆ సంగతి చెప్పే కాగితం చాలాసార్లు అదొక్కటే.