హెలికాప్టర్ ప్రమాదంలో గాయపడినవారికి చట్టం ఇచ్చే ఆసరా

శ్రోతలకు నమస్కారం.

2025 మే 8వ తేదీ ఉదయం ఉత్తరాఖండ్‌లోని ఖర్సాలీ హెలిపాడ్ నుంచి యాత్రికులతో బయలుదేరిన బెల్ 407 హెలికాప్టర్ ఒకటి గంగోత్రి దారిలో గంగ్నానీ దగ్గర కూలిపోయింది. పైలట్‌తో సహా ఆరుగురు చనిపోయారు. ప్రాణాలతో బయటపడిన ఒకే ఒక్క ప్రయాణికుడు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు. విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో ప్రాథమిక నివేదిక ప్రకారం, రోడ్డు మీద దింపడానికి పైలట్ ప్రయత్నిస్తుండగా రోడ్డు వెంబడి వెళ్తున్న ఫైబర్ కేబుల్‌కు పై రెక్క తగిలింది. హెలికాప్టర్ కొండవాలు మీద దొర్లుకుంటూ వెళ్ళి సుమారు 250 అడుగుల దిగువన ఒక చెట్టుకు ఆనుకుని ఆగింది. పత్రికల్లో వచ్చేది ఇంతవరకే. ఇటువంటి ప్రమాదాల్లో కాలో చెయ్యో విరిగి ఇంటికి చేరినవారు ఆ తర్వాత ఎవరిని అడగాలి, ఏమి అడగాలి, ఎన్నాళ్ళలోగా అడగాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా గడువు సంగతి చెబుతాను, ఎందుకంటే నష్టపోయేది ఎక్కువగా అక్కడే. దర్యాప్తు తుది నివేదిక వస్తే తప్పెవరిదో తేలుతుందనీ, అప్పుడు దావా వేయవచ్చుననీ చాలామంది ఎదురుచూస్తారు. ఆ దర్యాప్తు ఉద్దేశం మళ్ళీ ప్రమాదం జరగకుండా చూడడమే గాని తప్పు ఒకరి మీద మోపడం కాదని దాని నియమాలే చెబుతున్నాయి. తుది నివేదిక ఏడాదిలోగా రావాలన్నది లక్ష్యమే అయినా, అంతకు మించి ఆలస్యమైన సందర్భాలు ఉన్నాయి. 1972 నాటి విమాన రవాణా చట్టం మాత్రం రెండేళ్ళే ఇస్తుంది. ఆ రెండేళ్ళను నివేదిక వచ్చిన నాటి నుంచి కాక, గమ్యం చేరవలసిన రోజు నుంచో ప్రయాణం ఆగిపోయిన రోజు నుంచో లెక్కిస్తారు. గడువు దాటితే పరిహారం అడిగే హక్కే పోతుంది.

ఇక ఎంత అడగవచ్చు? దేశం లోపలి ప్రయాణాలకు ఆ చట్టం కింద 2014లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రయాణికుడి మరణానికి గాని, శారీరక గాయానికి గాని 20 లక్షల రూపాయల అంకె పెట్టింది. గాయపడిన ప్రతి ఒక్కరికీ 20 లక్షలు చేతిలో పెడతారని దీని అర్థం కాదు. ఆ మేరకు మీరు నష్టాన్ని రుజువు చేస్తే, ‘మా తప్పేమీ లేదు’ అని చెప్పి హెలికాప్టర్ నడిపిన సంస్థ తప్పించుకోలేదు. నష్టం అంతకు మించితే, తమ నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకోవలసిన భారం సంస్థదే. అది రుజువు కాకపోతే మిగతాదీ చెల్లించాలి. ప్రయాణికుడి నిర్లక్ష్యం కూడా ఉందని తేలితే పరిహారం ఆ మేరకు తగ్గుతుంది. ఎక్కే ముందు ‘ఏం జరిగినా నాదే పూచీ’ అని రాసి ఉన్న కాగితం మీద సంతకం చేశామని బెంగపడేవారు ఉంటారు. రవాణా సంస్థ బాధ్యతను చట్టం చెప్పినదానికన్నా తగ్గించే షరతు ఏదైనా చెల్లదని అదే చట్టం స్పష్టంగా అంటుంది.

నష్టం లెక్క కట్టడంలో వైద్యుడు రాసిన వైకల్య శాతం ఒక్కటే సరిపోదు. ఎడమ చేయి పోయిన డ్రైవరుకూ వడ్రంగికీ బతుకుతెరువే పోవచ్చు. అదే చేయి పోయిన గుమాస్తా తన ఉద్యోగం చేసుకుంటూనే ఉండవచ్చు. 2010లో ఒక రోడ్డు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరించింది, గాయాల కేసుల్లో న్యాయవాదులు దాన్ని తరచు ఉదహరిస్తారు. అందుచేత డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు, ఫిజియోథెరపీ రసీదులు, మెడికల్ బోర్డు ఇచ్చిన వైకల్య ధ్రువపత్రంతో పాటు మీ వృత్తినీ ఆదాయాన్నీ చూపే కాగితాలు, టికెట్, ఎఫ్ఐఆర్ నకలు మొదటి నెలలోనే ఒకచోట చేర్చుకోవాలి. ఆసుపత్రి హడావిడిలో ముందుగా పోయేవి చిన్న రసీదులే.

ప్రమాదం హిమాలయాల్లో జరిగిందని కోర్టుకు కూడా అక్కడికే పోనక్కరలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. న్యాయవాది తప్పనిసరి కాదు, సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుమూ లేదు. అయితే ఆ కేసు అక్కడి కమిషన్ పరిధిలోకి రాదని ఎదుటిపక్షం అభ్యంతరం లేవదీయవచ్చు. టికెట్ ఏ ఊరి నుంచి బుక్ చేశారో చూపే ఆధారం అప్పుడు పనికొస్తుంది. ఫిర్యాదు వాపసు వచ్చినా మరోచోట వేసుకోవడానికి వ్యవధి మిగలాలి గనుక చివరి నెల దాకా ఆగడం మంచిది కాదు.

అంతగా ఎవరికీ తెలియని దారి మరొకటి ఉంది. ప్రజోపయోగ సేవల వివాదాలకు ఏర్పడిన శాశ్వత లోక్ అదాలత్‌ల పరిధిలో విమాన ప్రయాణికుల రవాణా కూడా ఉంది. కోటి రూపాయల విలువ దాకా అవి వివాదాన్ని తీసుకుంటాయి, రాజీ కుదరకపోతే తామే తీర్పు చెబుతాయి. కోర్టుకు వెళ్ళకముందే అక్కడికి వెళ్ళాలన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. నా దృష్టిలో, చిన్న పట్టణాల బాధితులకు ఇది వాడుకలోకి రావలసిన వెసులుబాటు.

సముద్రంలోని చమురు వేదికలకు హెలికాప్టర్లలో వెళ్ళే ఉద్యోగుల సంగతి వేరు. వారికి యజమాని మీద కూడా దారి ఉంది (ఇది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద ఉండేది, 2025 నవంబరు నుంచి దాని స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి వచ్చింది) గాని, రెండు దారుల్లో ఏది పట్టాలో ముందే న్యాయవాదితో మాట్లాడుకోవాలి.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 15100 నంబరుకు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు. సంస్థ తరఫునో బీమా కంపెనీ తరఫునో ఎవరైనా చెక్కుతో పాటు ‘పూర్తి, తుది పరిష్కారంగా అందుకున్నాను’ అనే కాగితం తెస్తే, దాని మీద సంతకం చేయడానికి ముందే ఈ ఫోన్ చేయండి.