విండోస్ కాలిక్యులేటర్‌లో ఎకరాలు, గుంటలు, గజాలు: లెక్క ఎక్కడ తప్పుతుంది?

[తెర మీద: నల్లటి వెనకతలం, మధ్యలో 2.20 అనే అంకె ఒక్కటే]

వాయిస్: భూమి రికార్డులో విస్తీర్ణం దగ్గర 2.20 అని రాసుంది. గజాల్లో ఎంతో చెప్పాలి. అది గుంటూరు జిల్లా అడంగల్ అయితే 10,648 గజాలు. నల్గొండ జిల్లా పహాణీ అయితే 12,100 గజాలు. తేడా 1,452 గజాలు. అంటే సరిగ్గా పన్నెండు గుంటల నేల!

కాలిక్యులేటర్ రెండుసార్లూ సరిగ్గానే లెక్క కట్టింది. ఆంధ్రలో చుక్క తర్వాత ఉండేవి సెంట్లు, ఎకరానికి వంద. తెలంగాణలో చుక్క తర్వాత ఉండేవి గుంటలు, ఎకరానికి నలభై. కాబట్టి తెలంగాణ కాగితం మీది 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, రెండున్నర ఎకరాలు. ఆ చుక్కను దశాంశ బిందువు అనుకుని కాలిక్యులేటర్‌లో కొట్టామా, అక్కడే దెబ్బతింటాం.

[తెర మీద: విండోస్ డెస్క్‌టాప్. స్టార్ట్ మెనూలో కాలిక్యులేటర్ తెరుచుకుంటుంది]

వాయిస్: ముందు పనిముట్టును చూద్దాం. స్టార్ట్ నొక్కి కాలిక్యులేటర్ అని వెతకండి. విండో ఎడమవైపు పైన మూడు గీతల గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే పైన స్టాండర్డ్, సైంటిఫిక్ లాంటి మోడ్‌లు, వాటి కింద కన్వర్టర్ అనే భాగం వస్తాయి. కరెన్సీ, వాల్యూమ్, లెంగ్త్, వెయిట్, టెంపరేచర్, ఏరియా, స్పీడ్, డేటా అన్నీ అందులోనే ఉంటాయి. మనకు కావాల్సింది ఏరియా.

[తెర మీద: ఏరియా పేజీ. పై గడిలో ఏకర్స్, కింది గడిలో స్క్వేర్ యార్డ్స్. కర్సర్ 2.5 కొడుతుంది]

వాయిస్: పై గడిలో ఏకర్స్ పెట్టాం, కింద స్క్వేర్ యార్డ్స్ పెట్టాం. 2.5 కొట్టగానే కింద 12,100 వచ్చింది. ఈక్వల్ నొక్కే పని లేదు. గజాల నుంచి ఎకరాలకు వెళ్లాలంటే యూనిట్లు అటూ ఇటూ మార్చక్కర్లేదు. కింది అంకె మీద ఒకసారి క్లిక్ చేసి కొట్టండి, పై గడి మారుతుంది. ఏ అంకె ముద్దగా కనిపిస్తుందో మీరు కొట్టేది ఆ గడిలో.

వీటి కింద "సుమారుగా ఇంత" అని ఒక వరస ఉంటుంది, చూశారా? ఇతర యూనిట్లతో పాటు ఫుట్‌బాల్ మైదానాలు, కాగితాలు, కోటలు కూడా అందులో కనిపిస్తాయి. సరదాకి పెట్టినవి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనికిరావు.

[తెర మీద: ఏరియా యూనిట్ల జాబితా కిందికి జరుగుతుంది]

వాయిస్: జాబితా చివరిదాకా చూడండి. హెక్టార్లు ఉన్నాయి, ఎకరాలు ఉన్నాయి, చదరపు అడుగులు ఉన్నాయి. గుంట లేదు, సెంటు లేదు, అంకణం లేదు. మన భూముల లెక్కంతా నడిచేవి వీటిమీదే. ఇంకో లోటు, కన్వర్టర్ పేజీలో కూడికలు, తీసివేతలు చేయలేం. అంకె కొట్టడం వరకే. చేసిన మార్పిడుల చరిత్ర కూడా ఉండదు. అందుకే అసలు పని సైంటిఫిక్ మోడ్‌లో చేసుకోవాలి. ఆల్ట్, 2 కలిపి నొక్కితే అది తెరుచుకుంటుంది.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు ఇవి.

[తెర మీద: ఒక్కొక్కటిగా వస్తాయి]
ఎకరం = 4,840 గజాలు = 43,560 చదరపు అడుగులు
గుంట = 121 గజాలు = 1,089 చదరపు అడుగులు
సెంటు = 48.4 గజాలు = 435.6 చదరపు అడుగులు

వాయిస్: అంకణాన్ని కావాలనే ఇందులో పెట్టలేదు. అది ఊరిని బట్టి మారుతుంది. మీ దగ్గర అంకణానికి ఎన్ని అడుగులో కనుక్కుని, ఆ అంకెతోనే లెక్కించండి.

ఇప్పుడు రెండెకరాల ఇరవై గుంటలు. సైంటిఫిక్‌లో ఇలా కొట్టండి.

[తెర మీద: (2 + 20 ÷ 40) × 4840 = 12,100]

వాయిస్: ఇదే లెక్కను స్టాండర్డ్ మోడ్‌లో 2 + 20 ÷ 40 అని వరసగా కొడితే ఏమొస్తుందో చూడండి.

[తెర మీద: స్టాండర్డ్ మోడ్. 2 + 20 ÷ 40 = 0.55]

వాయిస్: రెండున్నర రావాల్సిన చోట అర ఎకరం చిల్లర! స్టాండర్డ్ మోడ్ భాగాహారం కోసం ఆగదు. కొట్టిన వరసలోనే చేసుకుంటూ పోతుంది. ముందు 2, 20 కలిపి 22 చేసింది, తర్వాత నలభైతో భాగించింది. సైంటిఫిక్ మాత్రం బడిలో నేర్పిన క్రమం పాటిస్తుంది, ముందు భాగాహారం, ఆ తర్వాత కూడిక. స్టాండర్డ్‌లోనే చేయాల్సి వస్తే గుంటలతో మొదలుపెట్టండి. 20 ÷ 40, దానికి + 2, చివర్లో × 4840.

వెనక్కి రావడం కూడా చూద్దాం. 6,000 గజాలున్నాయి, ఎకరాలు గుంటల్లో చెప్పాలి. 6000 ÷ 121 అంటే 49.587 గుంటలు. నలభై తీసేయండి. ఒక ఎకరం, 9.587 గుంటలు. దీన్నే కన్వర్టర్‌లో వేస్తే 1.2397 ఎకరాలు అని వస్తుంది. అది చూసి "ఎకరం ఇరవై నాలుగు గుంటలు" అని చదివేవాళ్లు ఉంటారు. చుక్క తర్వాత ఉన్న భాగాన్ని నలభైతో గుణిస్తేనే గుంటలు. సెంట్లయితే వందతో.

ఒక చిన్న గుర్తు. ఎకరాలు, గుంటలుగా రాసిన కాగితంలో చుక్క తర్వాత 39 దాటదు. 2.65 లాంటిది కనిపిస్తే అది గుంటల లెక్క కాదని అక్కడే ఆగాలి. తెలంగాణ ఆన్‌లైన్ రికార్డులో 2.2000 అని నాలుగు అంకెలుంటే మొదటి రెండే గుంటలు.

[తెర మీద: 30 అడుగులు, 40 అడుగులు కొలతలున్న ప్లాటు బొమ్మ]

వాయిస్: ఇక ఇళ్ల స్థలాలు. ముప్పై బై నలభై ప్లాటు అంటే 1,200 చదరపు అడుగులు. ఎన్ని గజాలు? లెంగ్త్ పేజీలోకి వెళ్లి 1,200 అడుగులు వేస్తే 400 యార్డులని చూపిస్తుంది. తప్పు చేసింది ప్రోగ్రాం కాదు, పేజీ ఎంచుకున్న మనం. పొడవులో గజానికి మూడడుగులే కానీ, చదరంలో మూడు మూళ్లు తొమ్మిది. ఏరియా పేజీలో వేయండి, 133.33 వస్తుంది. మీటర్లకూ ఇదే కథ. మీటరు 3.28 అడుగులు, చదరపు మీటరు మాత్రం 10.76 చదరపు అడుగులు.

హెక్టారుకు రెండున్నర ఎకరాలు అని నోటిలెక్క చెప్పేస్తుంటారు. అసలు విలువ 2.471. ఒక హెక్టారుకు పెద్దగా తేడా తెలియదు. పది హెక్టార్లకు 24.71 బదులు 25 ఎకరాలంటే దాదాపు 1,400 గజాలు లేని నేల కాగితం మీద పుట్టుకొస్తుంది. అంకె చిన్నగా ఉన్నా కన్వర్టర్‌లోనే వేయడం మేలు.

[తెర మీద: వెయిట్ పేజీ. 1 ఔన్స్ = 28.3495 గ్రాములు]

వాయిస్: బంగారం దగ్గర ఇంకో బోల్తా ఉంది. అంతర్జాతీయ ధర ఔన్సుకు చెబుతారు. వెయిట్ పేజీలో ఔన్స్ ఉంది, వేయగానే 28.35 గ్రాములు వస్తుంది. అది మామూలు సరుకులు తూచే ఔన్సు. బంగారం తూచేది ట్రాయ్ ఔన్సుతో, 31.1035 గ్రాములు. ఈ ప్రోగ్రాంలో ట్రాయ్ ఔన్సు లేదు. 28.35తో భాగిస్తే గ్రాము ధర అసలు కన్నా దాదాపు పది శాతం ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి సైంటిఫిక్‌లో ధరను 31.1035తో భాగించండి. తులం కూడా అంతే. పాత తులం 11.6638 గ్రాములు, ఇప్పుడు అంగట్లో తులమంటే పది గ్రాములు. ఇంట్లో పాత చీటీ దొరికితే అది ఏ తులమో ముందు తేల్చుకోండి.

[తెర మీద: వాల్యూమ్ పేజీలో రెండు గ్యాలన్లు]

వాయిస్: అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్నవాళ్లు గ్యాలన్ పక్కన దేశం పేరు చూసి ఎంచుకోండి. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటన్‌ది 4.546. కారు మైలేజీకి నేరుగా మార్పిడి లేదు, రెండు మెట్లలో చేయాలి. గ్యాలన్‌కు 30 మైళ్లంటే 48.28 కిలోమీటర్లు. దాన్ని 3.785తో భాగిస్తే లీటరుకు 12.75, 4.546తో భాగిస్తే 10.62.

టెంపరేచర్ పేజీ ఒంటి వేడికి, వాతావరణానికి బాగానే ఉంటుంది. 101 ఫారెన్‌హీట్ అంటే 38.33 సెల్సియస్. "నిన్నటికన్నా రెండు డిగ్రీలు పెరిగింది" లాంటి తేడాను మాత్రం అందులో వేయకండి. 2 సెల్సియస్‌కు 35.6 అని చూపిస్తుంది. తేడాను 1.8తో గుణించాలి, అంటే 3.6.

[తెర మీద: డేటా పేజీ. 1 టెరాబైట్ = 931.32 గిబీబైట్లు]

వాయిస్: కొత్తగా కొన్న ఒక టెరాబైట్ డిస్కు విండోస్‌లో 931 జీబీ అని కనిపిస్తే కొట్టువాడితో గొడవపడకండి. అమ్మేవాళ్లు వెయ్యి లెక్కన కొలుస్తారు, విండోస్ 1,024 లెక్కన కొలిచి పేరు మాత్రం జీబీ అనే రాస్తుంది. డేటా పేజీలో ఈ రెండూ వేరువేరు పేర్లతో ఉన్నాయి, గిగాబైట్లు, గిబీబైట్లు అని. ఇంటర్నెట్ వేగం 100 మెగాబిట్లంటే డౌన్‌లోడ్‌లో కనిపించేది గరిష్ఠంగా 12.5 మెగాబైట్లు. ఇందులో ఎనిమిదితో భాగించడం తప్ప రహస్యమేమీ లేదు.

[తెర మీద: కరెన్సీ పేజీ. కింద తేదీ, సమయం ఉన్న చోట గుండ్రటి గుర్తు]

వాయిస్: కరెన్సీ పేజీకి ఇంటర్నెట్ కావాలి. రేటు కింద తేదీ, సమయం రాసుంటాయి. పాతదైతే పక్కనున్న అప్‌డేట్ లింకు నొక్కండి. ఇంటికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ఇచ్చేది ఈ రేటు కాదు, వాళ్ల కోత పోగా వచ్చే రేటు.

కామాల సంగతి చెప్పి ఆపుతాను. విండోస్‌లో ప్రాంతం ఇండియా అని ఉంటే లక్ష 1,00,000 అని కనిపిస్తుంది, అమెరికా అని ఉంటే 100,000. జర్మనీ అమరికలో అయితే కామా, చుక్క తారుమారవుతాయి. అక్కడ 2,5 అంటేనే రెండున్నర. వేరే చోటి నుంచి అంకె కాపీ చేసి అతికించేటప్పుడు యూనిట్ పేరు, అక్షరాలు తీసేసి అంకె మాత్రమే తెచ్చుకోండి. సైంటిఫిక్‌లో వచ్చిన జవాబును కంట్రోల్, సీతో కాపీ చేసి, ఏరియా పేజీలో కంట్రోల్, వీతో అతికించవచ్చు. మళ్లీ చేత్తో కొట్టే పని తప్పుతుంది.