మైనస్ 80లో వైరస్ చావదు

(దృశ్యం: మే నెల మధ్యాహ్నం, తిరుపతి. ఎండకు జనం లేని రోడ్డు. కట్ చేస్తే, తెల్లటి చలిపొగ వదులుతూ తెరుచుకునే ఫ్రీజర్ తలుపు.)

నమస్కారం. బయట ఎండ 40 దాటింది. మా బయోబ్యాంక్‌లో, అంటే రోగుల నమూనాలు దాచే చోట, ఈ ఫ్రీజర్ లోపల మైనస్ 80. మొదటిసారి చూసినవాళ్లు అనే మాట ఒక్కటే: "ఇంత చలికి ఏ క్రిమి బతుకుతుందిలే!"

అక్కడే తప్పులో కాలేస్తాం. ఇంత చలి చాలా వైరస్‌లను చంపదు, దాచిపెడుతుంది. అసలు బయోబ్యాంక్ పెట్టేదే అందుకు. రోగుల అనుమతితో తీసుకున్న రక్తం, కఫం, కణజాలం ఏళ్ల తర్వాత కూడా పరిశోధనకు పనికిరావాలి. రక్తం చెడకుండా ఉందంటే, అందులో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఉంటే అదీ చెడకుండా ఉందనే అర్థం.

(దృశ్యం: వేలెడంత వయల్, దగ్గరగా. పైన బార్‌కోడ్.)

అలిపిరిలో లగేజీ ఇచ్చి చీటీ తీసుకుంటాం చూడండి, ఇక్కడా అంతే. వయల్ అనే ఈ చిన్న సీసా మీద రోగి పేరు ఉండదు. ఏ రాక్, ఏ డబ్బా, ఏ గడి అనేది కంప్యూటర్‌లో ఉంటుంది. తలుపు తీసిపెట్టుకుని వెతుక్కునే పని ఉండకూడదు.

ఇంకా చల్లగా కావాలంటే ద్రవ నైట్రోజన్, మైనస్ 196. వయల్‌ను అందులో ముంచితే, మూత మర చుట్ల సందుల్లోంచి కాస్త ద్రవం లోపలికి దూరొచ్చు. బయటికి తీశాక అది దాదాపు 700 రెట్లు ఉబ్బి ఆవిరవుతుంది. వయల్ టపాకాయలా పేలొచ్చు, లోపలి రక్తంతో సహా. అందుకే ముఖానికి షీల్డ్ లేకుండా ట్యాంకు మూత ముట్టుకోకూడదు. 1990లలో లండన్‌లో ఇలాంటి ఒక ట్యాంకులోని ద్రవం ద్వారానే, అందులో దాచిన కణాలు ఎక్కించుకున్న రోగులకు హెపటైటిస్ బి సోకినట్టు తేలింది. ఆ తర్వాతే ముంచడం మాని, ద్రవం పైన ఉండే ఆవిరిలో నిల్వ చేసే పద్ధతి ఊపందుకుంది.

(దృశ్యం: బయోసేఫ్టీ క్యాబినెట్. అద్దం కింద గ్లవ్స్ చేతులు. పైన ఆగి ఉన్న సీలింగ్ ఫ్యాన్.)

వయల్ మూత తీసేది ఈ బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే, అంటే ముందు అద్దం ఉన్న ఈ పెట్టెలోనే. దీని ముందు కంటికి కనపడని గాలి తెర ఉంటుంది. తుంపరలు మన వైపు రాకుండా ఆపేది అదే. నేను పనిలో చేరిన కొత్తలో ఉక్కపోత తట్టుకోలేక ఫ్యాన్ వేశాను. మా సీనియర్ అక్క ఒక్క మాట మాట్లాడకుండా టిష్యూ పేపర్ ముక్కను క్యాబినెట్ అంచున పట్టుకుంది. లోపలికి పోవాల్సిన ముక్క నా వైపు రెపరెపలాడింది. ఆ రోజు నుంచి చెమటలు కారినా ఫ్యాన్ జోలికి పోలేదు.

క్యాబినెట్ బయట వయల్ జారి పగిలితే? టెన్షన్‌లో వెంటనే వంగి తుడవడానికి పోవద్దు. అందరూ గదిలోంచి బయటికి రండి, తలుపు వేయండి, తుంపరలు దిగేదాకా ఓ అరగంట ఆగండి. తర్వాత గ్లవ్స్, మాస్కు వేసుకుని వెళ్లి టిష్యూలు పరిచి, 1 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణాన్ని అంచుల నుంచి మధ్యకు పోయండి. ఇంకో అరగంట. ముక్కలు ఫోర్సెప్స్ (పట్టకారు)తోనే ఏరాలి, గ్లవ్స్ ఉన్నా సరే వేళ్లతో కాదు. రిజిస్టర్‌లో ఆ వయల్ బార్‌కోడ్, టైము రాసి సంతకం పెట్టండి.