ఫోన్‌ని తిట్టడం ఆపండి, మీ సీన్‌లోనే ఏం లేదు!

కథ రాయడానికి కూర్చుంటే చెయ్యి ఫోన్ మీదకే పోతోంది, ఫోకస్ లేదు అంటారు కదా? మీ సమస్య ఫోకస్ కాదు. మీ కథలో తర్వాత ఏం జరుగుతుందో మీకు తెలీదు. అంతే. వీడియో ఇక్కడే కట్టేసి వెళ్ళిపోయినా నాకేం అభ్యంతరం లేదు, ఎందుకంటే ఇక మీదట నేను అరిచేదంతా ఈ ఒక్క మాట గురించే.

గొడవ మీకు తెలిసిందే. ఫోన్ వచ్చాక కథలు రాయడం చచ్చిపోయింది, దాన్ని డబ్బాలో పెట్టి తాళం వెయ్యండి, నెట్ రాని రాత మెషీన్ కొనుక్కోండి అని ఒక బ్యాచ్. ఫోన్‌ది కాదు తప్పు, మీకు క్రమశిక్షణ లేదు, తెల్లవారుజామున లేవరు అని క్లాస్ పీకే ఇంకో బ్యాచ్. ఈ రెండు బ్యాచ్‌లూ తెగ కొట్టుకుంటున్నాయి గానీ, ఇద్దరూ నమ్మేది ఒకటే: కథ సిద్ధంగా ఉంది, రాసేవాడే కుదురుగా కూర్చోవట్లేదు. అసలు కథ సిద్ధంగా ఉందని ఎవరు చెప్పారండీ మీకు?

ఒక సీన్ తీసుకుందాం. అక్క చెల్లెలి ఇంటికి వచ్చింది. తండ్రి ఇల్లు అమ్మాలి, కాగితం మీద చెల్లెలి సంతకం కావాలి. మీరు మొదలుపెట్టారు. చెల్లెలు తలుపు తీసింది, అక్క నిలబడి ఉంది. బాగుంది. లోపలికి రమ్మంది. తర్వాత? కర్టెన్ రంగు రాశారు. బయట మబ్బు పట్టిందని రాశారు. గోడ మీద ఫోటో గురించి రెండు లైన్లు. ఇప్పుడు చెయ్యి ఫోన్ మీదకి వెళ్ళింది. నోటిఫికేషన్ వచ్చిందా? రాలేదు. మరి ఎందుకు వెళ్ళింది? చెల్లెలు సంతకం పెడుతుందా పెట్టదా, పెట్టకపోతే ఎందుకు పెట్టదు, అది మీరు ఇంకా తేల్చలేదు కాబట్టి. తేల్చడం కష్టం. ఒకటి ఎంచుకుంటే మిగతా దారులన్నీ మూసుకుపోతాయి, పైగా ఎంచుకున్నది చెత్తదని తేలే ప్రమాదం ఉంది, అదీ అసలు భయం. నన్నడిగితే మీరు మబ్బు గురించి రాసినప్పుడే పారిపోయారు. ఫోన్ దగ్గరికి వచ్చేసరికి అది రెండో పారిపోవడం.

ఇప్పుడు తిప్పి చూడండి. ఆ చెల్లెలు తండ్రి దగ్గర అప్పు తీసుకుందనీ, ఆ సంగతి అక్కకి తెలియకూడదనీ, సంతకం పెడితే లెక్కలన్నీ బయటికొస్తాయనీ మీకు ముందే తెలుసనుకోండి. అప్పుడు మాట మాటా తన్నుకొస్తుంది. పక్కన ఫోన్ మోగినా, ఎవడ్రా ఇప్పుడు అని విసుక్కుంటారు. అదే మీరు, అదే ఫోన్, అదే కుర్చీ. ఆ రోజు ఫోకస్ ఎక్కడ్నుంచి ఊడిపడింది?

దీనికి మీరు నా మీద విసిరే లెక్క నాకు తెలుసు. గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు స్క్రీన్ ముందు పనిచేసేవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించారు. 2004లో ఒక స్క్రీన్ మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచిన చూపు తర్వాతి ఏళ్ళలో 47 సెకన్లకి పడిపోయింది. ఈ 47 ని అందరూ పోస్టర్ చేసి అంటించేశారు. ఆవిడ పరిశోధనల్లోనే ఇంకో ముక్క ఉంది, దాన్ని మాత్రం ఎవరూ అంటించరు. అంతరాయాల్లో దాదాపు సగం బయటి నుంచి వచ్చినవి కావు, మనిషి తనంతట తానే పని వదిలేసి వేరేదాంట్లోకి దూకినవి. ఎవరూ పిలవలేదు, ఏదీ మోగలేదు. వాళ్ళు చేస్తున్నవి ఆఫీసు పనులు, నిజమే. కథ రాసేవాడికి ఇలా పని వదిలి దూకెయ్యడం ఇంకా ఎక్కువని నా అనుమానం, ఎందుకంటే వాడికి పక్క వాక్యం కూడా ఎవరూ చేతికివ్వరు, వాడే పుట్టించుకోవాలి.

జోనథన్ ఫ్రాంజెన్ గురించి వినే ఉంటారు, అమెరికన్ నవలా రచయిత. లాప్‌టాప్‌లోంచి వైఫై కార్డు పీకేసి, నెట్ కేబుల్ పెట్టే రంధ్రంలో సూపర్ గ్లూతో కేబుల్ అంటించి, దాని తల కోసేశాడట. ఫోన్ వ్యతిరేక బ్యాచ్‌కి ఈయన దేవుడు. సరే, ఆయన నవల ఒకటి 2001లో వచ్చింది, దాని తర్వాతి నవల 2010లో. జిగురు పూసినంత మాత్రాన కథ పరిగెత్తుకు రాదండీ.

క్రమశిక్షణ బ్యాచ్ దేవుడు రష్యన్ నవలా రచయిత దోస్తోయెవ్‌స్కీ. 1866లో ప్రచురణకర్తతో దారుణమైన ఒప్పందంలో ఇరుక్కున్నాడు. నవంబర్ 1 లోపు నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్ళ పాటు ఆయన రచనలన్నీ పైసా ఇవ్వకుండా వేసుకునే హక్కు వాడిది. అన్నా అనే స్టెనోగ్రాఫర్‌ని పెట్టుకుని 26 రోజుల్లో చెప్పి రాయించేశాడు, తర్వాత ఏడాది ఆవిడనే పెళ్ళి చేసుకున్నాడు కూడా. చూశారా, డెడ్‌లైన్ పవర్, గన్ను తలకి పెడితే ఫోకస్ అదే వస్తుంది అంటారు. ఒరే నాయనా! ఆ నవల ఏంటో, అందులో జూదగాడు ఎలాంటివాడో 1863లోనే ఒక స్నేహితుడికి ఉత్తరంలో వివరంగా రాశాడాయన. మూడేళ్ళుగా ఆ మనిషి ఆయన బుర్రలో తిరుగుతున్నాడు, పైగా జూదం పిచ్చి ఆయనకి స్వయంగా ఉంది. 26 రోజులు పట్టింది చెప్పడానికి. ఆలోచించడానికి పట్టిన మూడేళ్ళని ఎవడూ లెక్కలో వెయ్యడు.

టాపిక్ కొంచెం పక్కకి పోతోంది, పోనివ్వండి, ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఇంగ్లీష్ కవి కోల్‌రిడ్జ్ 1797లో మత్తులో ఒక కల కన్నాడట. కలలోనే రెండు మూడు వందల లైన్ల కవిత తయారైపోయిందట. లేచి గబగబా రాస్తుంటే పోర్లాక్ అనే ఊరి నుంచి ఎవడో పనిమీద వచ్చి గంటసేపు కూర్చున్నాడు, వాడు వెళ్ళేసరికి మిగతా కవిత మొత్తం ఎగిరిపోయింది. మిగిలింది 54 లైన్లు. ఈ కథ ఆయన చెప్పింది 1816లో, కవిత అచ్చు వేసేటప్పుడు. వచ్చినవాడి పేరు లేదు, ఏం పనో లేదు. సాహిత్య చరిత్రలో మొట్టమొదటి నోటిఫికేషన్ సాకు ఇదే అంటాను నేను! తర్వాతి లైను దొరక్క ఆగిపోయి, నేరం తలుపు కొట్టినవాడి మీద వేశాడు. ఈ అనుమానం నా ఒక్కడిదే అనుకోకండి, పండితుల్లో చాలామందికి ఉంది.

ఇక మనలోని గౌరవనీయమైన దొంగలు, రీసెర్చ్ బ్యాచ్. రీల్స్ చూసేవాడికి కనీసం సిగ్గేస్తుంది. మీకు అది కూడా లేదు. పాత్ర రైలెక్కాలి, అప్పట్లో ఆ రైలుకి ఏ ఇంజిన్ ఉండేదో వెతకడం మొదలుపెడతారు, సాయంత్రానికి ఇంజిన్ల చరిత్ర మొత్తం వచ్చేస్తుంది, పాత్ర మాత్రం ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంటుంది. "ఇక్కడ రైలు వివరం" అని రాసి ముందుకి పోతే ఎవరైనా కేసు పెడతారా? పాత్ర పేరు మార్చడం, ఫాంట్ మార్చడం, మొదటి పేరాని వందోసారి దిద్దడం, ఇవన్నీ అదే జాతి. మొదటి పేరా ఎందుకంత ఇష్టం? అక్కడ ఏం జరుగుతుందో మీకు తెలుసు కాబట్టి!

అమెరికన్ రచయిత హెమింగ్‌వే అలవాటు ఒకటి అందరూ చెప్తారు, సగంలో ఆపెయ్యడం. సగం చెప్పి సగం మింగేశారు. ఆయన ఆపింది తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోట. తెలిసిన చోట, వినపడిందా? మర్నాడు కూర్చునేసరికి మొదటి వాక్యం చేతిలో ఉంటుంది. మీరేమో ఉన్నదంతా ఊడ్చి రాసేసి, ఖాళీగా పడుకుని, మర్నాడు తెల్ల పేజీ ముందు కూర్చుని టైమర్ పెట్టుకుంటారు. ఇరవై ఐదు నిమిషాల టైమర్ ఏం చేస్తుంది? ఇరవై ఐదు నిమిషాల పాటు మీకేం తెలీదని గుర్తు చేస్తుంది.

అందుకే నేనైతే ఒకటే చెప్తాను. చెయ్యి ఫోన్ మీదకి వెళ్ళినప్పుడు ఆపుకోకండి, ఏ వాక్యం దగ్గర వెళ్ళిందో అక్కడ ఒక గీత పెట్టండి. తర్వాత ఆ గీత పక్కన కథ కాకుండా మామూలు మాటల్లో రాయండి: ఈ సీన్‌లో ఎవరికి ఏం కావాలి, ఎవరు అడ్డం, ఎవరు ఏం దాస్తున్నారు. వికారంగా ఉన్నా సరే. మూడిట్లో ఒకదానికి జవాబు లేదంటే మీ ఫోకస్ పోయింది అక్కడే. మూడిటికీ జవాబు ఉన్నా రాయబుద్ధి కాలేదంటే ఆ సీన్ మీకే బోరు కొడుతోంది, తీసి పారెయ్యండి, చదివేవాడికి మాత్రం ఏం కొడుతుంది?

పసిపిల్లలున్నవాళ్ళు, రెండు ఉద్యోగాలు చేసేవాళ్ళు, ఏకాగ్రత సమస్యకి డాక్టర్ దగ్గర చూపించుకుంటున్నవాళ్ళు, మిమ్మల్ని కాదు నేను తిట్టేది. మిగతా అందరినీ తిడుతున్నాను.

కామెంట్‌లో ఒకటి రాయండి. ఆఖరిసారి ఫోన్ తీసినప్పుడు మీ కథలో రాస్తున్న వాక్యం ఏంటి? ఉన్నదున్నట్టు పెట్టండి, దిద్దకండి. అందులో మబ్బులు ఎన్నో, కర్టెన్లు ఎన్నో వచ్చే వీడియోలో లెక్కపెడదాం.