ఆస్పిరిన్ వేసుకుంటే వార్ఫరిన్ మానేయొచ్చా?

నమస్కారం అండీ. "ఆస్పిరిన్ వేసుకుంటున్నాగా, మళ్లీ వార్ఫరిన్ దేనికి? రెండూ రక్తం పల్చబడే బిళ్ళలేగా!" ఈ మాట వింటే నాకు ఊరుకోబుద్ధి కాదు, ఆ ధీమాతో మందు మానేసేవాళ్లున్నారు మరి. ఈ బిళ్ళలేవీ రక్తాన్ని పల్చన చేయవు. గడ్డ కట్టే పనిలో ఒక్కోటి ఒక్కో ఎంజైమును ఆపుతుంది.

[తెర మీద గండి బొమ్మ]

చెరువు గట్టుకు గండి పడిందనుకోండి. ముందు ఇసుక బస్తాలు వేస్తారు. అవి కొట్టుకుపోకుండా పైన వల బిగిస్తారు. రక్తనాళం తెగితే బస్తాలు ప్లేట్‌లెట్లు, అంటే రక్తంలోని చిన్న కణాలు. వల ఫైబ్రిన్, అంటే ప్రొటీన్ దారాలు.

ఆస్పిరిన్ పనంతా బస్తాల దగ్గరే. అతుక్కున్న ప్లేట్‌లెట్ థ్రాంబాక్సేన్ అనే రసాయనం వదిలి మిగతావాటిని పిలుస్తుంది. ఆ పిలుపు తయారవ్వాలంటే కాక్స్-1 ఎంజైమ్ ఉండాలి. ఆస్పిరిన్ దానికి ఎసిటైల్ ముక్క అంటించి శాశ్వతంగా మూసేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్త ఎంజైమ్ చేసుకోలేదు. బతికే 7 నుంచి 10 రోజులూ ఇక మూగదే! రోజుకో 75 మిల్లీగ్రాముల చిన్న బిళ్ళ సరిపోయేది అందుకే. నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు ఇది.

వార్ఫరిన్ బస్తాల జోలికే పోదు. వల అల్లే కూలీలను చూసుకుంటుంది. ఆ కూలీలంటే లివర్ చేసే 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు, గడ్డ కట్టించే ప్రొటీన్లు. అవి పనికి రావాలంటే విటమిన్ కె కావాలి. వాడేసిన విటమిన్ కెను మళ్లీ వాడుకునేలా చేసే ఎంజైమ్ వీకేఓఆర్. వార్ఫరిన్ పట్టుకునేది దాన్నే. ఇక కొత్తగా వచ్చే కూలీలకు పనిముట్లుండవు. కానీ పాత కూలీలు ఇంకా రక్తంలోనే ఉంటారుగా! 7వ ఫ్యాక్టర్ గంటల్లో తగ్గుతుంది, 2వదానికి రోజులు పడుతుంది. మొదట్లో వెంటనే పనిచేసే హెపారిన్ ఇంజెక్షన్లు తోడుగా ఇచ్చేది అందుకే. విటమిన్ కె ఉంటుందని పాలకూర, తోటకూర మానక్కర్లేదు. ఒక వారం రోజూ తిని, మరో వారం ముట్టకపోతేనే ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే పరీక్ష అంకె, ఊగుతుంది.

మరి ఒకదాని బదులు ఇంకోటి ఎందుకు కుదరదు? వేగంగా పారే ధమనుల్లో కట్టే గడ్డలో బస్తాలు ఎక్కువ. గుండె లయ తప్పి రక్తం నిలిచినచోట, కాలి సిరల్లో కట్టే గడ్డలో వల ఎక్కువ. బస్తాలను ఆపే మందు వలనేం చేస్తుంది చెప్పండి?

టైమ్ దాటిపోతోంది, మిగతావి గబగబా. డాబిగాట్రాన్ వల అల్లించే మేస్త్రీని, అంటే థ్రాంబిన్‌ను, నేరుగా పట్టుకుంటుంది. రివరాక్సబాన్, అపిక్సబాన్ ఆ మేస్త్రీని పనిలో పెట్టే 10ఎ ఫ్యాక్టర్‌ను ఆపుతాయి. వీటికి మాటిమాటికీ ఐఎన్ఆర్ అక్కర్లేదు. అలాగని గుండెలో మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లు వార్ఫరిన్ నుంచి వీటికి మారకూడదు. వాళ్లలో డాబిగాట్రాన్ ట్రయల్‌ను గడ్డలూ రక్తస్రావాలూ ఎక్కువై 2012లో మధ్యలోనే ఆపేశారు.

ఇవేవీ కట్టిన గడ్డను కరిగించవు. ఆ వలను కోసేది ప్లాస్మిన్, మన ఒంట్లోదే. ఆల్టెప్లేస్ ఇంజెక్షన్ దాన్ని పనిలోకి దించుతుంది. బ్రెయిన్ స్ట్రోక్‌లో నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా ఇంట్లో ఆస్పిరిన్ మింగించకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.